తూకంలో పెట్ట, శాతంలో పుంజు: కౌజు పిట్ట మాంసం లెక్క ఎందుకు తిరగబడుతుంది?

కౌజు పిట్టల షెడ్డు పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న: "ఏ రకం పిల్లలు తెచ్చుకుంటే కూర ఎక్కువ పడుతుంది?" హ్యాచరీ ఆయన తన లైను, అంటే ఎంచి పెంచిన వంశం, పేరు చెప్తాడు. అప్పటికే పెంచుతున్న రైతు "లైను సంగతి తర్వాత, ఆడవి బాగా బరువెక్కుతాయి" అంటాడు. పిట్టల్ని కోసి అమ్మే దుకాణం కుర్రాడిని అడగండి, "మగవే నయం సార్, ఆడదాని కడుపులో సామానంతా చెత్తబుట్టకే" అంటాడు. ముగ్గురి మాటా నిజమే. ఎవరి తక్కెడ వారిది. లైను ప్రభావం, ఆడమగ ప్రభావం అనే ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ ఒకదాన్నొకటి కొట్టేస్తాయో తెలియాలంటే ముందు ఆ తక్కెడల్ని విడదీయాలి.

దానికంటే ముందు పిట్ట సంగతి రెండు ముక్కల్లో. మార్కెట్లో కౌజు పిట్ట అనో, కంజు పిట్ట అనో అమ్ముడయ్యేది పొలం గట్ల మీద కనిపించే అడవి పిట్ట కాదు. అడవి పిట్టను పట్టినా అమ్మినా వన్యప్రాణి చట్టం కింద కేసే. షెడ్లలో పెరిగేది జపనీస్ క్వెయిల్. దీన్ని 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు తెచ్చారు. తర్వాత అక్కడే ఏర్పడిన కేంద్ర పక్షి పరిశోధన సంస్థ, అంటే అందరూ 'కారి' అని పిలిచే సంస్థ, ఆ మూలం నుంచి రకాలను తయారుచేసింది. కారి ఉత్తమ్ లాంటివి మాంసానికి, కారి పెర్ల్ గుడ్లకు. తెల్ల ఈకలది కారి శ్వేత. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి నందనం, నామక్కల్ పేర్లతో వచ్చిన రకాలు వేరే ఉన్నాయి.

ఈ పిట్టకు తొందరెక్కువ. గుడ్డు నుంచి పిల్ల 17, 18 రోజుల్లో బయటికొస్తుంది. అప్పుడు దాని బరువు 7 నుంచి 9 గ్రాములు. మంచి మాంసం లైనైతే 5 వారాలకు 200 గ్రాములు దాటుతుంది, అంటే దాదాపు 25 రెట్లు. 6, 7 వారాలకు పెట్ట గుడ్డు పెట్టేస్తుంది. ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. బ్రాయిలర్ కోడిని 40 రోజులకు కోసేస్తాం. ఆ కోడి గుడ్డు వయసుకు రావాలంటే ఇంకా నాలుగు నెలలు పడుతుంది. కాబట్టి కోసేనాటికి పుంజైనా పెట్టైనా లోపల పెద్ద తేడా ఉండదు, రెండూ ఇంకా పిల్లలే. కౌజు పెట్టకు అమ్మకం వయసుకీ గుడ్డు వయసుకీ మధ్య ఉండేది ఒక వారం, మహా అయితే రెండు. మాంసం పెరుగుదల ఇంకా పూర్తికాకముందే గుడ్ల ఏర్పాటు మొదలవుతుంది. కోళ్ల అనుభవంతో కౌజు పిట్టల లెక్క వేస్తే తప్పడానికి కారణం అదే.

శాతం దేని మీద?

"మాంసం దిగుబడి 70 శాతం" అని ఎవరైనా అంటే, వెంటనే అడగాల్సింది తోలుతోనా, తోలు తీసా అని. ఈకలు మాత్రమే పీకి, తల, కాళ్లు, పేగులు తీసేస్తే బతికున్న తూకంలో 65 నుంచి 70 శాతం దాకా మిగులుతుంది. కార్జం, కందనకాయ, గుండె అందులో కలిపితే 70 దాటుతుంది. మన దగ్గర చాలా దుకాణాల్లో ఈకలు పీకే ఓపిక ఎవరికీ ఉండదు. పిట్ట చిన్నది, గిరాకీ నిలబడి ఉంటాడు. తోలుతో సహా ఒక్క లాగు లాగేస్తారు. అప్పుడు మిగిలేది 60 శాతానికి అటూ ఇటూ. ఒకే పిట్ట, ఒకే కత్తి, శాతం మాత్రం పది పాయింట్లు కిందకి. రెండు లైన్ల మధ్య నిజంగా ఉండే తేడా చాలాసార్లు ఇంతకంటే తక్కువే. ఒక కరపత్రంలో తోలుతో లెక్క, ఇంకో కరపత్రంలో తోలు లేకుండా లెక్క వేసి పక్కపక్కన పెడితే మనం పోలుస్తున్నది లైన్లను కాదు, కోసే పద్ధతుల్ని.

శాతం కట్టేటప్పుడు కింద వేసే అంకె, అంటే బతికున్న తూకం, కూడా నమ్మదగ్గదేం కాదు. తూకానికి ముందు మేత, నీళ్లు ఆపారా? కడుపు నిండా దాణా తిన్న పిట్టను తూచి, ఆ బరువు మీద శాతం కడితే దిగుబడి తక్కువ కనిపిస్తుంది. నాలుగైదు గంటలు మేత ఆపి తూస్తే అదే పిట్టకు శాతం పెరుగుతుంది. బతికున్న తూకానికి అమ్మే రైతుకు మొదటిది లాభం, శాతం రాసుకునే పరిశోధకుడికి రెండోది పద్ధతి. కోసిన తర్వాత చల్లటి నీళ్లలో వేసి తీసి తూస్తే నీరు పట్టి ఇంకాస్త పెరుగుతుంది.

ఇవన్నీ సరిచూసుకున్నా ఇంకో ప్రశ్న మిగులుతుంది. పిట్టకు ఎన్ని గ్రాముల మాంసం? కిలో బతికున్న తూకానికి ఎంత మాంసం? కిలో దాణాకు ఎంత మాంసం? ఈ మూడింటికీ ఒకే పిట్ట గెలవదు. లైను గొప్పదా, ఆడమగ తేడా గొప్పదా అనే వాదన సగం ఇక్కడే తెగిపోతుంది.

లైను చేసే పని

లైను అంటే జాతి కాదు, ఊరి పేరు అంతకన్నా కాదు. ఒక మందను బయటి పిట్టలతో కలవనివ్వకుండా, ప్రతి తరంలో ఒకే లక్షణం చూసి తల్లిదండ్రుల్ని ఎంచుకుంటూ పోతే కొన్ని తరాలకు తయారయ్యే కుటుంబం అది. నాలుగు వారాల బరువు చూసి ఎంచితే మాంసం లైను, గుడ్ల సంఖ్య చూసి ఎంచితే గుడ్ల లైను. కౌజు పిట్టలో ఈ పని త్వరగా సాగుతుంది, ఎందుకంటే ఏడాదికి మూడు నాలుగు తరాలు తీయొచ్చు. అమెరికాలోని జార్జియాలో హెన్రీ మార్క్స్ అనే శాస్త్రవేత్త నాలుగు వారాల బరువు మీద ఈ ఎంపికను దశాబ్దాల పాటు ఆపకుండా నడిపాడు. 97 తరాల ఫలితాలను 1996లో ప్రచురించాడు. కోళ్ల మీద అన్ని తరాలు చూడాలంటే ఒక మనిషి ఉద్యోగకాలం చాలదు.

బరువు అనే లక్షణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు బాగానే దిగుతుంది, కాబట్టి ఎంపికకు బాగా లొంగుతుంది. గుడ్ల లైను మగపిట్ట పెద్దయ్యాక కూడా 120, 140 గ్రాముల దగ్గర ఆగిపోతే, గట్టిగా ఎంపిక చేసిన మాంసం లైను పిట్ట 250 గ్రాములు దాటుతుంది. బరువు పెరిగితే రొమ్ము బరువు, తొడల బరువు కూడా వెంట వస్తాయి. వీటి మధ్య బంధం చాలా గట్టిది. కాబట్టి "పిట్టకు ఎన్ని గ్రాముల కూర" అన్నదే లెక్క అయితే లైను చెప్పిందే తీర్పు.

శాతం దగ్గరికి వచ్చేసరికి లైను అంత గట్టిగా మాట్లాడదు. 160 గ్రాముల పిట్ట అయినా 260 గ్రాముల పిట్ట అయినా పేగులు, రక్తం, ఈకలు, తల, కాళ్లు కూడా ఒళ్లుతో పాటే పెరుగుతాయి. కోసి శుభ్రం చేసిన పిట్టలో రొమ్ము వాటా 35 నుంచి 40 శాతం మధ్య, కాళ్లూ తొడలూ కలిపి 22 నుంచి 25 శాతం మధ్య తిరుగుతుంటాయి. మాంసం లైను ఈ హద్దుల్లో పై కొసకు, గుడ్ల లైను కింది కొసకు దగ్గరగా ఉండొచ్చు. అంతే తప్ప బరువులో కనిపించే అగాధం శాతంలో కనిపించదు. కేవలం బరువు చూసి ఎంపిక చేస్తూ పోతే బోనస్‌గా కొవ్వు కూడా వస్తుంది. పొట్ట దగ్గర పేరుకునే ఆ పసుపు కొవ్వు తూకంలో ఉంటుంది, ప్లేట్లో ఉండదు.

రొమ్ము గురించి ఒక మాట. బ్రాయిలర్ రొమ్ము తెల్లగా ఉంటే కౌజు పిట్ట రొమ్ము ఎర్రగా, ముదురు రంగులో ఉంటుంది. దీని అడవి బంధువులు వలస వెళ్లే పక్షులు. రెక్కల్ని చాలాసేపు ఆడించడానికి ఆక్సిజన్ వాడుకునే ఎర్ర కండర పోగులు రొమ్ములో ఎక్కువ. బరువు కోసం ఎంచిన లైన్లలో పోగులు లావెక్కుతాయి, తెల్ల పోగుల వాటా పెరుగుతుంది. "పాతకాలం పిట్ట రుచే వేరు" అనే పెద్దల మాటలో మమకారం పాలు ఎంతున్నా, కండరంలో మాత్రం నిజంగానే కొంత మార్పు ఉంది.

పెట్ట ఎందుకు పెద్దది?

కోడిలో పుంజు పెద్దది. కౌజు పిట్టలో ఇది తిరగబడుతుంది, పెట్టే పెద్దది. పుట్టినప్పుడు ఇద్దరూ సమానం. మూడో వారం దాకా తూకంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. నాలుగో వారం నుంచి పెట్ట ముందుకు పోతుంది, ఐదు దాటాక తేడా చేతికి తెలుస్తుంది.

ఆ అదనపు బరువు ఎక్కడ చేరిందో చూడాలంటే ఏడు వారాలు దాటిన ఒక జతను పక్కపక్కన పెట్టి కోయాలి. పెట్ట పొట్ట తెరవగానే కనిపించేది పచ్చసొనల గుత్తి. ఒకటి పెద్దది, దాని వెనక కొంచెం చిన్నది, దాని వెనక ఇంకా చిన్నది, చివరికి ఆవగింజలంత తెల్ల చుక్కలు. వాటి పక్కన మడతలు పడ్డ లేత రంగు గొట్టం, అది గుడ్డు దిగే దారి. చాలాసార్లు ఆ దారిలో పెంకు కట్టిన గుడ్డు కూడా ఉంటుంది. 10 నుంచి 12 గ్రాముల ఆ గుడ్డు, మామూలు రకం పెట్ట ఒంటి బరువులో దాదాపు 8 శాతం. కోడిగుడ్డు కోడి బరువులో 3 శాతం చుట్టూ ఉంటుంది. ఇంత చిన్న ఒంట్లో అంత గుడ్డు రోజూ తయారవ్వాలంటే ఒళ్లు దానికి తగ్గట్టు ఉండాల్సిందే.

కార్జం చూడండి. పెట్ట కార్జం పుంజు కార్జం కంటే బాగా పెద్దది, రంగు కూడా లేత. పచ్చసొనలోకి వెళ్లే కొవ్వు, ప్రొటీన్ తయారయ్యేది అండాశయంలో కాదు, కార్జంలో. ఈస్ట్రోజెన్ పెరగగానే కార్జం ఆ పనిలో దిగి ఉబ్బుతుంది. అదే హార్మోన్ వల్ల పెంకు కోసం కాల్షియం నిల్వ చేసుకునే ఒక మెత్తటి ఎముక పొర పెట్ట కాలి ఎముకల లోపల ఏర్పడుతుంది. అంటే ఆ పెట్ట ఎముకల బరువులో కూడా కొంత గుడ్ల ఖాతాలోదే.

పుంజు పొట్టలో ఏమీ ఉండదనుకుంటే పొరపాటే. తెల్లగా, చిక్కుడు గింజల్లా రెండు వృషణాలు వీపును ఆనుకుని ఉంటాయి. ఈ పిట్ట సైజుకు అవి పెద్దవే, పూర్తిగా ఎదిగిన పుంజులో ఒంటి బరువులో 2 శాతం పైన. అయినా పెట్ట కడుపులోని సరంజామా ముందు అది తక్కువే. అందుకే వయసొచ్చిన జతలో బరువు పెట్టది, శాతం పుంజుది. దుకాణం కుర్రాడు "చెత్తబుట్టకే" అన్నది ఈ గుత్తి గురించి, ఆ గొట్టం గురించి. (లేత పచ్చసొనల గుత్తిని కూరలో ఇష్టంగా వేసుకునే ఇళ్లున్నాయి. వాళ్ల లెక్కలో పెట్ట శాతం మళ్లీ పెరుగుతుంది!)

ఇక్కడో మెలిక. మగ పిట్ట శాతం ఎక్కువ అన్న మాట అన్ని వయసులకూ వర్తించదు. 28, 30 రోజులకు కోస్తే పెట్టలో అండాశయం ఇంకా నిద్రలోనే ఉంటుంది, ఇద్దరి శాతం దాదాపు ఒకటే. 35 రోజులకు కొన్ని పెట్టల్లో కదలిక మొదలై ఉంటుంది, తేడా ఒకటి నుంచి మూడు పాయింట్లు. 42 దాటితే తేడా బాహాటం. ఆడమగ ప్రభావం అని మనం పిలిచేదాంట్లో ఎక్కువ భాగం నిజానికి వయసు ప్రభావం. కాకపోతే ఆ వయసు ఇద్దరి మీదా ఒకేలా పనిచేయదు.

ఒక లెక్క వేసి చూద్దాం

ఈ అంకెలు ఏ షెడ్డువీ కావు, విషయం అర్థం కావడానికి అనుకున్నవి. ఒక తేలిక లైనులో 35 రోజులకు పుంజు 160, పెట్ట 180 గ్రాములు. ఒక భారీ లైనులో పుంజు 235, పెట్ట 270. తోలుతో దిగుబడి పుంజుకు 68 శాతం, పెట్టకు 65 శాతం అనుకుందాం, లైన్ల మధ్య శాతంలో తేడా లేదనుకుందాం. తేలిక లైను పుంజు నుంచి దాదాపు 109 గ్రాములు, పెట్ట నుంచి 117. భారీ లైను పుంజు నుంచి 160, పెట్ట నుంచి 175.

పిట్ట లెక్కన చూస్తే లైను మారినందుకు 50 గ్రాముల పైన వచ్చింది. ఆడమగ తేడా 8 నుంచి 15 గ్రాములు. శాతంలో మూడు పాయింట్లు వెనకబడినా గ్రాముల్లో పెట్టే ముందుంది. కిలో లెక్కన కొనేవాడికి ఇదే జత ఇంకోలా కనిపిస్తుంది. కిలో బతికున్న పుంజులు కొంటే 680 గ్రాములు, కిలో పెట్టలు కొంటే 650. అతనికి లైనుతో పనే లేదు, ఏ లైనైనా కిలో కిలోనే. పుంజులు ఏరుకుంటే చాలు.

ఇప్పుడు అదే భారీ లైను పెట్టను ఇంకో రెండు వారాలు ఉంచామనుకుందాం. 270 నుంచి 290 గ్రాములైంది. ఈలోగా గుడ్లకు వచ్చింది, దిగుబడి 60 శాతానికి పడింది. చేతికొచ్చేది 174 గ్రాములు. రెండు వారాల కిందట 175 వచ్చేది! రోజుకు 30 గ్రాముల చొప్పున 14 రోజుల్లో అది తిన్న 420 గ్రాముల దాణా ఒక్క గ్రాము కూర కూడా కలపలేదు, గుడ్లలోకి పోయింది. గుడ్లు అమ్ముకునే ఏర్పాటు ఉంటే సరే. మాంసానికే పెంచుతూ "ఇంకాస్త బరువెక్కనీ" అని ఆగితే నష్టం. పుట్టినప్పటి నుంచి ఐదు వారాల దాకా ఒక పిట్ట మొత్తం తినేది సుమారు అర కిలో అని గుర్తుపెట్టుకుంటే ఆ 420 గ్రాముల బరువు తెలుస్తుంది.

మన మార్కెట్ తీరు వల్ల ఈ లెక్కకు ఇంకో మలుపుంది. కౌజు పిట్టలు చాలాచోట్ల కిలో లెక్కన కాదు, పిట్ట లెక్కన, జత లెక్కన అమ్ముడవుతాయి. పిట్టకింత అని రేటు కట్టేటప్పుడు 190 గ్రాములదీ 240 గ్రాములదీ ఒకే ధర అయితే, భారీ లైను పిల్లల్ని ఎక్కువ ధరకు తెచ్చి ఎక్కువ దాణా పెట్టిన రైతుకు ఆ 50 గ్రాములకు పైసా రాదు. లాభం కొన్నవాడిది. ఏ లైను మంచిదన్న ప్రశ్నకు జవాబు కొంత జన్యువుల్లో ఉంటే, కొంత అమ్మే పద్ధతిలో ఉంది. హోటళ్లతో తూకం మీద ఒప్పందం ఉన్నవాడికి భారీ లైను, వారాంతం సంతలో జతగా అమ్మేవాడికి మధ్యస్థ లైను గిట్టుబాటు అవుతుందని నా అభిప్రాయం.

రెండూ కలిసినప్పుడు

పరిశోధన వ్యాసాల్లో లైను ప్రభావం, లింగ ప్రభావం, ఆ రెండింటి పరస్పర ప్రభావం అని మూడు వరుసలు కనిపిస్తాయి. మూడోది చూడకుండా మొదటి రెండింటినే చెప్పుకోవడం మామూలైపోయింది. పరస్పర ప్రభావం అంటే ఆడమగ తేడా అన్ని లైన్లలో ఒకేలా లేకపోవడం. గుడ్ల లైను పెట్టను తొందరగా గుడ్లకు వచ్చేలా ఎంచి ఉంటారు, 35 రోజులకే దాని కడుపులో పని మొదలై ఉండొచ్చు. మాంసం లైను పెట్ట అదే రోజున ఇంకా పెరుగుదలలోనే ఉండొచ్చు. ఇద్దరినీ ఒకే రోజున కోసి శాతాలు పోలిస్తే, మాంసం లైను పెట్ట నెగ్గుతుంది. ఆ గెలుపులో కండరం పాత్ర ఎంత, గుడ్ల ఆలస్యం పాత్ర ఎంత? ఒకే వయసులో పోల్చడం వేరు, ఒకే ఎదుగుదల దశలో పోల్చడం వేరు. ఒకే బరువు దగ్గర పోల్చడం ఇంకా వేరు. రొమ్ము శాతంలో లైన్ల మధ్య తేడా ఉందనీ లేదనీ రెండు రకాల ఫలితాలు రావడానికి సగం కారణం ఇది.

ఇంకో ఉచ్చు, మందలో ఎన్ని ఆడవి, ఎన్ని మగవి కోశారన్నది. ఒక లైను నుంచి ఎక్కువ మగవి, ఇంకో లైను నుంచి ఎక్కువ ఆడవి కోసి సగటు కడితే ఆడమగ తేడా కాస్తా లైను తేడా వేషం వేసుకుంటుంది. ఇది మన షెడ్లలో రోజూ జరిగేదే. పిల్లలు తీయడానికి ఉంచుకునే బ్రీడర్ మందలో రెండు మూడు పెట్టలకు ఒక పుంజు చాలు. కాబట్టి హ్యాచరీ నడిపేవాళ్లు బలమైన పెట్టల్ని దాచుకుని, మిగులు పుంజుల్ని కోతకు పంపుతారు. తర్వాత గుడ్లు తగ్గిన ముదురు పెట్టలు వస్తాయి. దుకాణం కేజ్‌లో కనిపించే గుంపు ఆ లైనుకు ప్రతినిధి కాదు, ఆ లైను మిగిల్చినది. దాన్ని చూసి "ఈ రకం చిన్నది" అనో, "ఈ రకంలో కూర లేదు" అనో తీర్పు చెప్పలేం.

షెడ్డులో చేయగలిగినవి

మామూలు గోధుమ రంగు పిట్టల్లో మూడు వారాలకే ఆడమగ తెలిసిపోతుంది. మగదాని రొమ్ము ఈకలు ఇటుక రంగుకు తిరుగుతాయి, నున్నగా ఒకే రంగు. ఆడదాని రొమ్ము లేత రంగులో ఉండి దాని మీద నల్ల చుక్కలు పడతాయి. అప్పుడే విడదీసి వేర్వేరు కేజుల్లో పెడితే పోట్లాటలు తగ్గుతాయి, ఎవరిని ఎప్పుడు అమ్మాలో వేర్వేరుగా నిర్ణయించుకోవచ్చు. కారి శ్వేత లాంటి తెల్ల పిట్టల్లో ఈ సౌకర్యం లేదు. ఐదారు వారాలు ఆగి తోక కింద చూడాలి. మగదానికి అక్కడ ఎర్రటి ఉబ్బు గ్రంథి ఉంటుంది, నొక్కితే తెల్లటి నురగ వస్తుంది. నురగ కనిపించేసరికి మాంసం వయసు దాటిపోతోంది. తెల్ల పిట్టను డ్రెస్ చేస్తే ఈక మొదళ్ల మచ్చలు కనబడవు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. తోలుతో అమ్మేవాళ్లకు అది పెద్ద లాభం. తోలు లాగేసే మన దుకాణాలకు ఆ లాభం సున్నా, ఆడమగ తెలియని ఇబ్బంది మాత్రం మిగులుతుంది.

రంగునే పనిలో పెట్టే తెలివైన దారి ఒకటుంది. పక్షుల్లో లింగాన్ని నిర్ణయించేది తల్లి. కొన్ని లేత రంగు జన్యువులు లింగ క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఆ లేత రంగు మగపిట్టల్ని మామూలు రంగు పెట్టలతో కలిపితే పుట్టే ఆడపిల్లలన్నీ తండ్రి రంగులో, మగపిల్లలన్నీ తల్లి రంగులో వస్తాయి. ఒక రోజు పిల్లలప్పుడే వేరు చేయొచ్చు. రెండు లైన్లను విడివిడిగా నిలబెట్టుకోగలిగిన పెద్ద హ్యాచరీలకే ఇది సాధ్యం.

లైటు దీనికంటే చవక. కౌజు పిట్టకు వెలుతురు గంటలే క్యాలెండర్. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉంటే ఆరు వారాలకు గుడ్ల మీదికి వస్తుంది. వెలుతురు 8 గంటలకు కుదిస్తే అండాశయం, వృషణాలు చాలాకాలం ఎదగకుండా ఉండిపోతాయి. బ్రూడింగ్‌లో మొదటి రెండు వారాలు వెచ్చదనం కోసం రాత్రంతా బల్బులు వేయక తప్పదు. ఆ తర్వాత కూడా "మేత తింటాయిలే" అని మాంసం బ్యాచ్‌కు రాత్రంతా లైట్లు వేసి ఉంచితే పెట్టలను మనమే గుడ్ల వైపు తోసినట్టు. మూడో వారం నుంచి రాత్రిని రాత్రిలా ఉండనిస్తే పుంజుల కూతలు, కొట్లాటలు కూడా తగ్గుతాయి.

మేత సంగతి చిన్నదే కానీ మరిచిపోకూడదు. మొదటి మూడు వారాల దాణాలో ప్రొటీన్ 24 నుంచి 27 శాతం ఉండాలి. కోళ్ల దాణా చవకని అదే పోస్తే భారీ లైను కూడా తేలిక లైనులాగే పెరుగుతుంది. లైను ఇచ్చేది సామర్థ్యం, దాన్ని కండగా మార్చేది దాణా. పెట్టిన డబ్బు మొదటిదాని మీద, కక్కుర్తి రెండోదాని మీద అయితే రెండూ పోతాయి.

చివరగా, అన్నింటికంటే ఎక్కువగా రైతుల్ని దెబ్బతీసేది లైను పేరు మిగిలి లైను పోవడం. మొదటి బ్యాచ్ మంచి చోట నుంచి తెస్తారు. దాంట్లోంచే పెట్టల్ని, పుంజుల్ని ఉంచుకుని సొంతంగా పిల్లలు తీస్తారు. ఆ పిల్లల్లోంచే మళ్లీ తీస్తారు. కౌజు పిట్ట ఈ దగ్గరి సంబంధాలను అస్సలు తట్టుకోదు. తోబుట్టువులను వరుసగా జత కడుతూ పోతే మూడు తరాలకే వంశం నిలబడటం కష్టమని 1960లలోనే కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగాల్లో తేలింది. షెడ్డులో అంత తీవ్రంగా జరగదు, కానీ దారి అదే. ముందు పొదగని గుడ్లు పెరుగుతాయి, తర్వాత పిల్లల చావులు, ఆ తర్వాత ఐదు వారాల తూకం బ్యాచ్ బ్యాచ్‌కీ జారుతుంది. దానికి తోడు బాగా పెరిగిన పిట్టలు ముందుగా అమ్ముడైపోతాయి, అమ్ముడు కానివే తల్లిదండ్రులవుతాయి. అది ఎంపికే, కాకపోతే తిరగేసి చేసిన ఎంపిక. కాబట్టి పిల్లలు కొనేచోట లైను పేరు అడిగి ఊరుకోకండి. బ్రీడర్లను ఏ వయసు తూకం చూసి ఎంచుతున్నారో, బయటి నుంచి పుంజుల్ని చివరిసారి ఎప్పుడు తెచ్చారో అడగండి. వీలైతే 35 రోజుల పిట్టలు ఓ పది పుంజులు, పది పెట్టలు విడివిడిగా తూచి చూపించమనండి. అన్నింటినీ కలిపి ఒక బుట్టలో తూచి సగటు చెప్పబోతే, పిల్లల ధర మాట్లాడకముందే బయటికి వచ్చేయండి.